వరిబీజం అనుకున్న వాపు, ఎనిమిది నెలల చికిత్స: చెన్నైలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి సేవలపై నా అంచనా

దక్షిణ చెన్నైలోని ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రిలో మా చిన్నాన్నకు వృషణంలో పుట్టిన లింఫోమాకు (లింఫ్ కణాలనే ఒక రకం తెల్లకణాలకు వచ్చే క్యాన్సర్‌కు) ఎనిమిది నెలల పాటు చికిత్స జరిగింది. నాయుడుపేటలో ఉండే ఆయనను ప్రతిసారీ వేళచ్చేరిలోని మా ఇంటికి తీసుకువచ్చి, అక్కడి నుండి ఆసుపత్రికి తిప్పి, ఫైలు మోసి, బిల్లులు కట్టి, వార్డు బయట కూర్చున్నది నేనే కనుక ఆ సేవల మంచిచెడులు నాకు దగ్గరగా తెలిశాయి. ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల, ఒక్క రోగి అనుభవాన్ని పట్టుకుని ఒక సంస్థను బజారున పెట్టడం సబబు కాదు కాబట్టి, ఆసుపత్రి పేరు రాయడం లేదు. అయినా నెల్లూరు, తిరుపతి వైపు నుండి ఇదే జబ్బుతో చెన్నైకి వచ్చేవారు ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఏయే చోట్ల కళ్ళు తెరిచి చూడాలో ఈ రాతను బట్టి కొంత తెలుస్తుంది. నా అంచనా ముందే చెబుతాను. వైద్యంలో ఈ ఆసుపత్రి చాలా మంచిది, విషయం విడమరిచి చెప్పడంలో సగం మంచిది, డబ్బు కట్టే కిటికీల దగ్గర మాత్రం మమ్మల్ని బాగా సతాయించింది.

చిన్నాన్నకు 67 ఏళ్ళు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. కుడి బీజం కొద్దికొద్దిగా పెద్దదవుతున్నా నొప్పి లేదు కనుక మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. లుంగీ కట్టుకునే మనిషికి ఆ వాపు బయటికి కనబడదు, చెప్పుకోవడానికి సిగ్గు అడ్డం. పిన్నమ్మ పట్టుబట్టి పంపిస్తే దగ్గరలో చూపించుకున్న చోట అది వరిబీజమని, సూదితో నీరు తీసేస్తే సరిపోతుందని చెప్పారు. కణితి చుట్టూ కాస్త నీరు చేరడం ఈ జబ్బులో మామూలే కాబట్టి పైపైన చూసినవారు పొరబడటంలో వింత లేదు. అయితే ఆ సూది పడకముందే నెల్లూరులో అల్ట్రాసౌండ్ స్కాన్ తీయించడం, అందులో నీటి వెనుక రక్తప్రసరణ బాగా ఉన్న గట్టి గడ్డ కనబడటం మా అదృష్టం. వృషణం నుండి బయలుదేరే లింఫ్ నాళాలు కడుపు లోపల, మూత్రపిండాల దగ్గరున్న గ్రంథులకు చేరుతాయి. దాని చుట్టూ ఉండే తిత్తి చర్మం నుండి వెళ్ళేవి గజ్జల్లోని గ్రంథులకు చేరుతాయి. కణితి ఉన్నదనే అనుమానం ఉన్నప్పుడు తిత్తిలోకి సూది దించితే, అంతవరకు ఒక దారిలోనే ఉన్న జబ్బుకు రెండో దారి చూపించినట్టు అవుతుంది. ఈ సంగతి మాకు చెన్నైలో మొదటి రోజే యూరాలజీ డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు.

మా ప్రాంతంలో క్యాన్సర్ అనగానే "మద్రాసుకు తీసుకుపోండి" అనడం నా చిన్నప్పటి నుండి వింటున్న మాటే. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుదలతో 1954లో అడయార్‌లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పటి నుండి ఆ మాటకు బలం ఉంది. మేము వెళ్ళింది అక్కడికి కాదు. చిన్నాన్న కొడుకు పుణేలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి కంపెనీ ఆరోగ్య బీమా జాబితాలో ఉన్నవాటిలో మా ఇంటికి దగ్గరైనది, రక్తపు జబ్బులకు విడిగా విభాగం ఉన్నది చూసి ఎంచుకున్నాము. ఆ ఎంపిక సరైనదేనని మొదటి వారంలోనే తేలింది. వృషణ కణితులకు చూసే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ రక్తపరీక్షలు రెండూ మామూలుగా ఉన్నాయి, కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎల్‌డీహెచ్ ఒక్కటే ఎక్కువగా ఉంది. ఆ ఫలితాలు చూసిన యూరాలజీ డాక్టరు, కుర్రవాళ్ళలో వచ్చే వృషణ క్యాన్సర్లు వేరని, 60 ఏళ్ళు దాటినవారి వృషణంలో కణితి కనబడితే ముందుగా అనుమానించవలసింది లింఫోమానేనని చెప్పారు. గజ్జ దగ్గర కోత పెట్టి బీజాన్ని, దాని తాడుతో సహా, పైనుండి తీసేశారు. వెన్నులో మత్తు ఇచ్చి చేసిన ఆ ఆపరేషన్‌కు ఒక్క రాత్రి ఉండవలసి వచ్చింది, కుట్లు కూడా ఇబ్బంది పెట్టలేదు. ఆపరేషన్ గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. నిజమైన పని ఆ తరువాతే మొదలైంది.

తీసిన కణితిని పరీక్షించే పాథాలజీ విభాగానికి నా మార్కులు రెండు రకాలు. నివేదిక రావడానికి పదకొండు రోజులు పట్టింది, ఆ పదకొండు రోజుల్లో ఒక్క ఫోను కూడా రాలేదు, నేను చేసినప్పుడల్లా "స్టెయినింగ్ జరుగుతోంది" (కణాలకు రంగులద్ది చూస్తున్నారు) అన్న ఒకే జవాబు వచ్చింది. అదనపు పరీక్షలు అవసరమైనందువల్ల ఆలస్యం అవుతోందని ఒక్క వాక్యం చెప్పి ఉంటే పిన్నమ్మ అన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపేవారు కాదు. నివేదిక చేతికి వచ్చాక మాత్రం ఆ ఆలస్యాన్ని క్షమించాను. డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా అని జబ్బు రకం పేరు ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, కణాల మీద, లోపల ఏ గుర్తులున్నాయో ఏవి లేవో, సీడీ20 పాజిటివ్, సీడీ3 నెగటివ్, సీడీ10 నెగటివ్, మమ్1 పాజిటివ్ అంటూ కణం పుట్టుపూర్వోత్తరాలన్నీ రాశారు. మిక్, బీసీఎల్2, బీసీఎల్6 జన్యువుల్లో తిరకాసు ఉందేమో చూసే ఫిష్ పరీక్ష కూడా మేము అడగకుండానే చేశారు. సీడీ20 పాజిటివ్ కావడం రోగికి మేలు, ఎందుకంటే రిటక్సిమాబ్ అనే మందు గురిపెట్టేది ఆ గుర్తునే. రెండో అభిప్రాయం కోసం కణితి ముక్కను భద్రపరచిన మైనపు దిమ్మె, స్లైడులు కావాలని అడిగితే ముఖం మాడ్చకుండా ఒక ఫారం నింపించుకుని మర్నాడే ఇచ్చారు. ఈ ఒక్క పని ఎంత మర్యాదగా చేస్తారన్న దాన్ని బట్టే ఒక క్యాన్సర్ ఆసుపత్రి ఎంత ధైర్యంగా ఉందో తెలుస్తుందని నా అభిప్రాయం.

లింఫోమా విభాగంలో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ గురించి కొంచెం ఎక్కువగా రాయాలి. ఒళ్ళంతా వెతికే పెట్ స్కాన్‌లో ఇంకెక్కడా జబ్బు కనబడలేదని, ఇది మొదటి దశేనని చెప్పగానే చిన్నాన్న "అయితే తీసేశారుగా, ఇంటికి పోవచ్చుగా" అన్నారు. చాలా మంది డాక్టర్లు ఇక్కడ "కీమో తప్పదు" అని ముగిస్తారు. ఈమె కుర్చీ ముందుకు జరుపుకుని, తమిళం కలిసిన తెలుగులో, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చెప్పారు. మెదడుకు ఒక కాపలా గోడ ఉన్నట్టే వృషణానికి కూడా ఒకటి ఉంటుంది; వీర్యకణాలను శరీరపు సొంత రక్షణ దళం పరాయివని పొరబడి చంపకుండా ప్రకృతి కట్టిన గోడ అది. రక్తంలో తిరిగే కీమో మందు ఆ గోడ దాటి లోపలికి సరిగా చేరదు. అందుకే వృషణంలో పుట్టిన ఈ లింఫోమా ఒక్క చోటే ఉన్నట్టు కనబడినా, ఏళ్ళ తరువాత సైతం రెండో వృషణంలోనో, మెదడులోనో మళ్ళీ తలెత్తే అలవాటు దీనికి ఉంది. 2022లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో మెదడు, కన్ను, వృషణాల్లో పుట్టే ఈ రకం లింఫోమాలను ఒకే గొడుగు కిందకు చేర్చడానికి కారణం కూడా ఈ గోడలేనట.

చిన్నాన్న అంతా విని, "కాలువ శివారు మడికి నీళ్ళు పారనట్టన్నమాట" అన్నారు. డాక్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. ఎగువ మళ్ళు తడిసినంత మాత్రాన శివారు ఆయకట్టుకు నీరు అందినట్టు కాదని, అక్కడికి విడిగా ఇంజను పెట్టి తోడుకోవలసిందేనని నేను వివరిస్తే, ఆమె నవ్వి, తరువాత ప్రతి సమావేశంలోనూ ఆ పోలికే వాడారు. చికిత్స మొత్తం ఆ పోలికలోనే ఇమిడిపోతుంది. ఒళ్ళంతా పారే నీరు ఆరు విడతల ఆర్-చాప్ కీమో, అంటే రిటక్సిమాబ్‌తో పాటు మరో నాలుగు మందులు. మెదడు, వెన్నుపాము అనే శివారు మడికి వెన్నులో మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఇంజెక్షన్లు నాలుగు, చివర్లో రెండు విడతలు నరం ద్వారా పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్. మిగిలిన ఎడమ బీజానికి రేడియేషన్.

లెక్కలు కూడా దాచలేదు. రిటక్సిమాబ్ రాకముందు కాలపు రోగులను, 373 మందిని, కలిపి చూసి 2003లో ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనంలో ఐదేళ్ళు బతికినవారు 48 శాతమేనని, రేడియేషన్ ఇవ్వనివారిలో 15 ఏళ్ళు గడిచేసరికి 42 శాతం మందికి రెండో వృషణంలో జబ్బు తిరగబెట్టిందని చెప్పారు. ఆర్-చాప్, వెన్నులో మెథోట్రెక్సేట్, రెండో వృషణానికి రేడియేషన్ మూడూ ఒక క్రమంలో ఇచ్చి 53 మందిని గమనించిన అధ్యయనం 2011లో వచ్చిందని, అందులో ఐదేళ్ళ లెక్క 85 శాతానికి చేరిందని కూడా చెప్పారు. రెండు గుంపులూ ఒకేలాంటివి కావు కనుక ఆ అంకెలను పక్కపక్కన పెట్టి మురిసిపోకూడదన్న హెచ్చరిక కూడా ఆమెదే. పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్ వల్ల మెదడుకు ఎంత రక్షణ అన్న దానిపై వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదని, మూత్రపిండాలు బాగున్నాయి కాబట్టే ఇవ్వదలిచానని ఒప్పుకోవడం నాకు బాగా నచ్చింది. తెలిసినదీ తేలనిదీ రెండూ ఒకే గొంతుతో చెప్పే డాక్టరు దొరకడం ఏ ఆసుపత్రిలోనైనా అరుదు.

ఇక కీమో ఇచ్చే డే కేర్ వార్డు. ఉదయం ఆరున్నరకు టోకెను, ఏడున్నరకు రక్తపరీక్ష, తొమ్మిదిన్నరకు ఫలితం, ఆ తరువాత డాక్టరు సంతకం, ఆ తరువాత ఫార్మసీలో మందు కలపడం. ఇలా మొదటి చుక్క ఎక్కేసరికి పదకొండు అయ్యేది. ముందురోజు సాయంత్రమే రక్తం ఇచ్చి వెళ్ళే వీలుందని మాకు మూడో విడతలో, అదీ పక్క మంచం వారి ద్వారా, తెలిసింది. మొదటి రోజు రిటక్సిమాబ్ ఏడు గంటలు పట్టింది. ఆ మందును గంటకు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి అరగంటకోసారి పెంచుకుంటూ పోతారు. రెండో గంటలో చిన్నాన్నకు మంచం కదిలేంత చలి, వణుకు వచ్చాయి. నర్సు పరుగున వచ్చి మందు ఆపి, ఇంజెక్షన్ ఇచ్చి, దుప్పటి కప్పి, పక్కనే నిలబడి "పయపడకండి సార్, మొదటిసారి మాత్రమే" అన్న తీరులో అనుభవం కనబడింది. అరగంట తరువాత సగం వేగంతో మళ్ళీ మొదలుపెట్టారు. మిగిలిన ఐదు విడతల్లో ఆ బాధ రాలేదు. మందు మొదలుపెట్టకముందే హెపటైటిస్-బి పరీక్షలు రెండు రకాలు చేయించారు. ఎప్పుడో వచ్చి పోయిన ఆ వైరస్ రిటక్సిమాబ్ వల్ల మళ్ళీ నిద్ర లేస్తుంది కనుక ఈ పరీక్ష లేకుండా ఆ మందు ఎక్కించే చోటికి వెళ్ళకూడదు. మూల కంపెనీ మందు కావాలా, దానికి దీటుగా వేరే కంపెనీ చేసే బయోసిమిలర్ కావాలా అని అడిగి, రెండింటి ధరలూ కాగితం మీద రాసిచ్చారు. మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రెడిటక్స్ పేరుతో ఈ మందును మన దేశంలో తెచ్చిందని వినగానే, ఆర్టీసీ మనిషి కదా, చిన్నాన్న "మన బండే ఎక్కుదాం" అన్నారు.

ఆర్-చాప్‌లోని డాక్సోరుబిసిన్ ఎర్రటి మందు. నరం బయటికి ఒలికితే కండ కాలిపోతుంది కనుక, చేతి నరాలు చూసి, ఛాతీలో చర్మం కింద అమర్చి మందు ఎక్కించే పోర్టు అనే చిన్న పరికరం పెట్టించుకోమన్నారు. పెట్టించుకున్నాము, ఆ సలహాకు ఇప్పటికీ కృతజ్ఞులమే. గుండె పనితీరు కోసం మొదట్లోనే ఎకో స్కాన్ చేశారు. మర్నాడు మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. చెప్పనిది మరొకటి ఉంది. అదే కీమోలో భాగమైన ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 100 మిల్లీగ్రాములు ఐదు రోజులు వేసుకోవాలి. చిన్నాన్నకు ముందే షుగరు ఉంది. రెండో రోజుకు షుగరు 400 దాటింది, మూడు రాత్రులు నిద్ర లేదు. షుగరు డాక్టరును కలవమన్న ఒక్క వాక్యం డిశ్చార్జి కాగితంలో లేదు. ఆహార నిపుణురాలు ఇచ్చిన కాగితంలో పళ్ళరసం, తేనె తీసుకోమని ఉంది. అది అందరికీ ఇచ్చే కాగితమే, షుగరు ఉన్న మనిషిని చూసి రాసింది కాదు.

నేను పూర్తి మార్కులు వేసే చోటు వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చే గది. కీమోలోని విన్‌క్రిస్టిన్ నరంలోకి మాత్రమే ఇవ్వవలసిన మందు. అది పొరపాటున వెన్నులోకి వెళితే మనిషి దాదాపు దక్కడు. విన్‌క్రిస్టిన్, వెన్నులోకిచ్చే మందు రెండూ సిరంజీల్లో పక్కపక్కన ఉన్నప్పుడు ఇటువంటి ఘోరాలు ప్రపంచంలో చాలా చోట్ల జరిగాయి, అందుకే విన్‌క్రిస్టిన్‌ను సిరంజీలో కాక చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించింది. ఈ ఆసుపత్రిలో విన్‌క్రిస్టిన్ ఎప్పుడూ సంచిలోనే వచ్చింది. వెన్ను ఇంజెక్షన్‌ను కీమో రోజున కాక మరో రోజున, మరో అంతస్తులో, మరో గదిలో ఇచ్చారు. ఒక నర్సు, ఒక డాక్టరు మందు పేరును, రోగి పేరును, చేతి పట్టీని పైకి చదివి సరిచూసుకున్నాకే సూది ముట్టుకున్నారు. మొదటిసారి నేను "ఇంకో రోజు మళ్ళీ ఎందుకు తిప్పుతారు" అని విసుక్కుంటే, ఆ నర్సే ఈ సంగతంతా చెప్పింది. నా విసుగుకు సిగ్గుపడ్డాను. ఇంజెక్షన్ తరువాత గంటసేపు వెల్లకిలా పడుకోబెట్టారు; రెండోసారి మాత్రం రెండు రోజులు తలనొప్పి వచ్చి, నీళ్ళు బాగా తాగి, పిన్నమ్మ ఇచ్చిన కాఫీ తాగి చిన్నాన్న తగ్గించుకున్నారు.

మూడో విడత తరువాత తొమ్మిదో రోజు రాత్రి జ్వరం 101 దాటింది. కీమో వల్ల తెల్లకణాలు పడిపోయే సమయంలో జ్వరమంటే ఆలోచించకుండా బయలుదేరాలని పుస్తకంలో రాసి ఇచ్చారు. అదే పుస్తకంలో 24 గంటలూ పనిచేస్తుందని రాసిన ఫోను నంబరుకు నేను ఆరుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. అర్ధరాత్రి దాటాక అత్యవసర విభాగానికి చేరాము. అక్కడి కుర్ర డాక్టరు ఫైలు చూసిన నిమిషంలోనే రక్తం తీసి, ఇటువంటి జ్వరంలో మొదటి యాంటీబయాటిక్ గంటలోపల పడాలని గబగబా మందు రాశారు. మందు తెచ్చుకోవాలంటే మాత్రం ముందు అడ్వాన్సు కట్టి చీటీ తేవాలట. కార్డు యంత్రం పనిచేయలేదు, బీమా కిటికీ ఉదయం ఎనిమిదికి గానీ తెరవరు, నా దగ్గర అంత నగదు లేదు. ఐదో అంతస్తులో ఈ మనిషికి మూడు నెలలుగా చికిత్స చేస్తున్న ఆసుపత్రే కింద అంతస్తులో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. చివరికి ఆ కుర్ర డాక్టరే వార్డు నిల్వలోనుండి మందు తెప్పించి ఎక్కించారు. లేకపోతే ఆ గంట దాటిపోయేదే. తెల్లకణాల లెక్క 300 ఉంది, నాలుగు రోజులు ఉండవలసి వచ్చింది. నేను రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, కీమో రోగులకు జ్వరం వస్తే అడ్వాన్సు అడగకూడదన్న నియమం ముందే ఉందని, ఆ రాత్రి కిటికీలో ఉన్నవారికి తెలియదని జవాబు వచ్చింది. ఫోను నంబరు సంగతికి జవాబే రాలేదు. నాలుగో విడత నుండి కీమో మర్నాడు తెల్లకణాలను పెంచే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ ఇచ్చారు, మళ్ళీ జ్వరం రాలేదు.

పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్‌కు రెండుసార్లు నాలుగేసి రోజులు చేర్చుకున్నారు. ఆ వార్డు నర్సుల క్రమశిక్షణ చూసి తీరవలసిందే. మూత్రం పుల్లబడితే మందు మూత్రపిండాల్లో గడ్డకట్టుకుపోతుంది కాబట్టి సెలైన్‌తో పాటు సోడా బైకార్బనేట్ ఎక్కిస్తూ, వెళ్ళిన ప్రతిసారీ మూత్రాన్ని పట్టీ ముంచి చూసి రాసుకున్నారు. ఇరవై నాలుగు గంటలకు విరుగుడుగా ల్యూకోవోరిన్ మొదలుపెట్టి, రోజూ రక్తంలో మందు స్థాయి చూసి, 0.1 మైక్రోమోల్ కంటే తగ్గాకే ఇంటికి పంపారు. చిన్నాన్న జేబులో ఎప్పుడూ పాంటప్రజోల్ మాత్రలుంటాయి. ఆయన దాన్ని గ్యాస్ బిళ్ళ అంటారు, వక్క నోట్లో వేసుకున్నట్టు వేసుకుంటారు. ఆ బిళ్ళ మెథోట్రెక్సేట్ బయటికి పోకుండా ఆలస్యం చేస్తుందని, నొప్పి మాత్రలు కూడా అంతేనని చెప్పి, చేరిన రోజే నర్సు జేబులు వెతికి మరీ తీసుకుంది. ఆర్టీసీలో చెకింగ్ ఇంత గట్టిగా ఉంటే సంస్థకు నష్టాలే ఉండేవి కావన్నారు ఆయన.

ఆఖరిది రేడియేషన్, మా వైపు కరెంటు పెట్టించడం అంటారు. ఎడమ బీజానికి రోజుకు రెండు గ్రేల చొప్పున పదిహేను రోజులు, మొత్తం 30 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). రోజుకు పడుకునేది పది నిమిషాలు, ఎదురుచూసేది గంటన్నర. ఆ చోట బట్ట తొలగించుకుని పడుకోవడం ఆ వయసు మనిషికి ఎంత కష్టమో అక్కడివారు గ్రహించారు. మగ సాంకేతిక నిపుణులనే పెట్టి, తెర వేసి, ఎవరినీ లోపలికి రానివ్వకుండా చేశారు. యంత్రం రెండు రోజులు చెడిపోతే పొద్దున్నే ఫోనుకు సందేశం పంపారు కనుక దారి ఖర్చు తప్పింది. చివరి వారంలో చర్మం కమిలి, మే నెల ఉక్కపోతలో చాలా బాధపడ్డారు. వదులుగా ఉండే నూలు పంచె కట్టుకోమన్న సలహా, రాసిన పూతమందు కంటే ఎక్కువ పనిచేసింది. ఈ రేడియేషన్ తరువాత పిల్లలు కలిగే అవకాశం ఉండదని, మగ హార్మోను కూడా తగ్గవచ్చని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. ఈ జబ్బు వయసు మళ్ళినవారిలోనే ఎక్కువైనా, చిన్న వయసులో వచ్చినవారు కీమోకు ముందే వీర్యం భద్రపరచుకునే విషయం అడిగి తీరాలి.

ఆ సంతకం పెట్టిన కాగితం ఇంగ్లీషులో, తమిళంలో ఉంది. డే కేర్‌లో ఏ రోజు చూసినా సూళ్ళూరుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, చిత్తూరు నుండి వచ్చినవారు పక్కపక్క మంచాల్లో కనబడే ఆసుపత్రిలో ఒక్క ఫారం కూడా తెలుగులో లేకపోవడం నాకు మింగుడుపడలేదు. భాష రాని బంధువులు సంతకం పెట్టడానికి ముందు నా దగ్గరకు వచ్చి చదివించుకున్న రోజులున్నాయి. నోటితో చెప్పడంలో మాత్రం నర్సులు, ఆయాలు ఎంతో ఓపిక చూపారు. కాగితం రాసే పెద్దలకే ఆ ఓపిక లేదు. బిల్లు మొదట ఇచ్చిన అంచనా కంటే ఐదో వంతు ఎక్కువైంది. జ్వరంతో చేరిన నాలుగు రోజులను మినహాయించినా కొంత తేడా మిగిలింది, దానిలో చేతి తొడుగులు, సిరంజీల లెక్కలే ఎక్కువ, బీమావారు వాటిని ఒప్పుకోలేదు. క్యాంటీన్ ఇడ్లీ బాగుంటుంది, కారప్పొడి ఉండదు.

చివరి పెట్ స్కాన్ శుభ్రంగా వచ్చింది. మూడు నెలలకోసారి రమ్మన్నారు. నాలుగు పేజీల డిశ్చార్జి సమ్మరీలో ఇచ్చిన ప్రతి మందు మోతాదూ ఉంది కానీ, మగ హార్మోనైన టెస్టోస్టిరాన్ పరీక్ష ఎప్పుడు చేయించాలో లేదు, ఏ టీకాలు వేయించాలో లేదు, మాట తడబడటం, నడక తూలడం, ఎడతెగని తలనొప్పి వంటివి కనబడితే తదుపరి తేదీ కోసం ఆగకుండా రావాలన్న మాట అసలే లేదు. మెదడు గురించి మొదటి రోజు ఇరవై నిమిషాలు చెప్పిన చోట చివరి కాగితంలో రెండు వాక్యాలు రాయకపోవడం వింతే. నేను అడిగితే డాక్టరమ్మ కలం తీసి వెనుక పేజీలో చేత్తో రాసిచ్చారు, దాన్ని ఫోటో తీసి నాయుడుపేటలోని డాక్టరుకు పంపాను. చికిత్స జరిగినన్నాళ్ళూ గుంపులో తిరగకూడదని కారులోనే తిప్పాము. ఈసారి నవంబరులో చూపించుకోవడానికి తాను ఒక్కడే నెల్లూరు మెమూ ఎక్కి వస్తానని, స్టేషన్‌కు రావద్దని చిన్నాన్న అంటున్నారు.